బొట్టు కింద లైటు

శ్రీవాణి గొంతు పైస్థాయికి ఎక్కగానే స్పీకర్లలో బరబరమని పగిలింది. కిరణ్‌కుమార్ ముఖం చిట్లించాడు. చిట్లించింది ముఖం ఒక్కటే. లోపల మాత్రం ఎండన పడి వచ్చినవాడు చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా ఉంది.

"ఏమైందండీ? తప్పు పాడినానా?" మైకు ముందు పీట మీద కూర్చున్న శ్రీవాణి అడిగింది.

"పాట తప్పు కాదు. సౌండు పగుల్తాంది."

"మీరు పాడినప్పుడు పగల్లేదు కదా?"

"అదే చూస్తాండా," అన్నాడు. ఆ మాట ఆమె చేత ఇంకోసారి అనిపించుకోవాలని ఉంది అతనికి. పెళ్ళాం నోటి నుంచి అలాంటి మాట విని చాలా రోజులైంది మరి.

వాళ్ళ ఇల్లు కడపలో, బజారు వీధిలో. కింద స్టీలు సామాన్ల అంగడి, పైన కాపురం. పొద్దున లేస్తే బిందెలు దింపే చప్పుడు, ఆటోల హారన్లు, ఎదురింటి జ్యూసు మిషను గోల. వీధి రొద వినపడని గది ఇల్లు మొత్తానికి ఒకటే, అది దేవుడి గది. కిటికీ లేదు. ఒక గోడంతా బీరువా, బీరువా నిండా పట్టుచీరలు. పాట రికార్డు చేయడానికి అంతకన్నా మంచి చోటు దొరకదని తల్లి కన్యకమ్మను బతిమాలి బతిమాలి ఆ గదిలో ఒక మూల సంపాదించాడు కిరణ్. అక్కడ కంప్యూటరు, మైకు, రెండింటికీ మధ్య ఒక చిన్న ఇనుప డబ్బా. మైకులో పడిన గొంతు ఆ డబ్బాలోకి వెళ్ళి, అక్కడి నుంచి కంప్యూటరులోకి పోతుంది. కన్యకమ్మ పెట్టిన షరతులు మాత్రం గట్టివి. ఆ గదిలో ఎంగిలి పడకూడదు. నెలసరి దినాల్లో ఆడవాళ్ళు గడప దాటకూడదు. దేవుడికి బొట్టు పెట్టిన నాడు కంప్యూటరుకూ పెట్టాలి.

ఏటా శ్రీరామనవమికి వాళ్ళ బజారు భజన సంఘం కడప నుంచి ఒంటిమిట్టకు నడిచి పోతుంది. నడిచేవాళ్ళ ముందు మైకుసెట్టు కట్టిన టెంపో ఒకటి మెల్లగా కదులుతుంది. ఆ టెంపోలో మోగేది ఇన్నేళ్ళూ కిరణ్‌కుమార్ గొంతే. ఎర్రటి ఎండలో, రోడ్డు పొడవునా, జనమంతా తన పాట వెనక నడవడం అతనికి ఏడాది మొత్తం మీద ఒక్కరోజు దక్కే గొప్ప. ఆ ఒక్కరోజు కోసం మిగతా రోజులన్నీ బిందెలు అమ్ముతాడు.

ఈసారి దానికి గండం వచ్చింది. పోయిన నెల సంఘం పెద్ద చంద్రన్న ఇంట్లో కోడలి సీమంతం జరిగితే శ్రీవాణి హారతి పాట పాడింది. ఆమె ఏ కచేరీలోనూ పాడలేదు. గుడ్డలు మడత పెడుతూ, బియ్యం ఏరుతూ పాడుకునే మనిషి. అయినా ఆ రోజు వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తన పాట అయిపోయాక జనం ఏమంటారో కిరణ్‌కు తెలుసు. "మైకు బాగుండాదప్పా, యాడ కొన్నావు?" అంటారు. శ్రీవాణి పాట అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలామె మాత్రం కళ్ళు తుడుచుకుని హారతి పళ్ళెం కళ్ళకద్దుకుంది. అది అతనికి ఇప్పటికీ మింగుడు పడలేదు.

చంద్రన్న కొత్తగా ఒక పాట కట్టి పంపాడు. "ఈ తూరి అమ్మాయి చేత పాడించప్పా. ఉగాది లోపల నా చేతికిస్తే చాలు," అన్నాడు. 'నీ సాయం లేకుండా ఎట్లయితాది' అని పైనుంచి ఒక ముక్క తగిలించాడు. సాయమట! తన గదిలో, తన మైకులో, తన పాట చోట ఇంకొకరు పాడుతుంటే తను సాయం చేయాలి.

చేశాడు. తప్పేదేముంది. మైకు వైరు పీకి ఇంకొకటి పెట్టాడు. డబ్బా వైరును కంప్యూటరుకు ముందు నుంచి తీసి వెనక గుచ్చాడు. ఇన్వర్టరు వల్లేమోనని దాన్ని ఆపాడు. ఫ్యానెటూ ముందే ఆపి ఉంది. ఎంబ్రాయిడరీ ఫ్రేములో పాత వోణీ గుడ్డ బిగించి, ఊపిరి తగలకుండా మైకుకు అడ్డం పెట్టాడు. ప్రతి మార్పు తర్వాతా శ్రీవాణి నుదుటి చెమట తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి పాడింది.

"కాలినడకన వచ్చాము కోదండరామా, కనికరించి మమ్మేలుకో కోదండరామా."

కింది పలుకులన్నీ శుభ్రంగా ఉంటాయి. 'ఏలుకో' దగ్గర గొంతు లేచేసరికి పగులుతుంది. తెర మీద గొంతు గీతలు కొండల్లాగా లేవాల్సిన చోట, ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు తలలు తెగి చదునుగా ఉన్నాయి. అలా ఎందుకు తెగుతున్నాయో కిరణ్‌కు నిజంగానే అంతు పట్టలేదు. ఆ రోజుకు అతని మనసులో కుళ్ళు ఉందే గానీ మోసం లేదు.

మర్నాడు అంగడి నుంచి డోన్‌లో ఉండే లేవికి ఫోన్ చేశాడు. కాలేజీలో ఇద్దరూ ఒకే బెంచీ. లేవి వాళ్ళ చర్చి పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తుంటాడు.

"పాట పగుల్తాందప్పా. అన్ని వైర్లూ మార్చినా," అన్నాడు కిరణ్.

"ఎవురి పాట? నీదేనా?"

"మా ఇంటామెది."

"నీది పగల్దా?"

"పగల్దు."

లేవి పెద్దగా నవ్వాడు. "నీదెట్ల పగుల్తాది లేప్పా. నీ గొంతు మైకు కాడికి చేరేసరికే దానికి ఆయాసమొస్తాది. సరే గానీ, డబ్బా మీద గొంతు పెంచే గెయిన్ నాబు ఎంతకు పెట్టినావు?"

"నేను పాడేటప్పుడు పెట్టుకుండేంతే."

"అదే నీ తప్పు. సన్న గొంతుకని పెంచుకున్న నాబు అట్లనే పెట్టి, పెద్ద గొంతు పాడితే పగలక ఏమైతాది? తగ్గించు, సరిపోతాది. నాబు పక్కనే లైటుంటాది చూడు. పచ్చగుంటే బాగున్నట్టు, ఎర్రబడితే పగుల్తాన్నట్టు."

"నా డబ్బాకు లైటు ల్యాదే."

"లైటు లేని డబ్బా యాడుంటాదప్పా? కండ్లు పెట్టుకోని చూడు," అని లేవి ఫోన్ పెట్టేశాడు.

లేవి చిన్నప్పటి నుంచీ అంతే, ఎగతాళి లేనిదే మాట రాదు. కానీ 'సన్న గొంతు' అన్న మాట కిరణ్ చెవిలో ఉండిపోయింది. బిందెలు బేరం చేస్తున్న ఆడమనిషి రెండుసార్లు ధర అడిగితే గానీ వినపడలేదు.

పైకి వచ్చి డబ్బా చేతిలోకి తీసుకుని చూశాడు. నాబు పక్కన లైటు లేదు. పసుపు కలిపిన గంధం బొట్టు ఉంది, దాని మీద కుంకుమ. ఆయుధపూజ నాడు కన్యకమ్మ అంగడి తలుపుకు, తక్కెడకు, స్కూటరుకు, కంప్యూటరుకు బొట్లు పెడుతూ ఈ డబ్బాకూ ఒకటి అద్దింది. ఆమె బొటనవేలు సరిగ్గా లైటు మీదనే పడింది. ఎండి రాయిలా బిగుసుకుంది. పూజ బొట్టును గోటితో గీకడం ఆ ఇంట్లో లేదు. దానంతట అది రాలిపోవాలి, లేదా పండగ ముందు కడిగే రోజు తడిగుడ్డతో పోవాలి. పోయిన పండగకు శ్రీవాణి గుడ్డ తెస్తే, కంప్యూటరు దగ్గర తడి తగలనీయొద్దని తనే కసిరాడు.

శ్రీవాణిని పిలిచి ఒక్క చరణం పాడమన్నాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చుని పాడింది. కిరణ్ తెర వైపు చూడలేదు. బొట్టు వైపే చూశాడు. ఒక అంచున కుంకుమ పెచ్చు ఊడి ఉంది. 'ఏలుకో' దగ్గర ఆ అంచులో నుంచి ఎర్రగా మెరిసింది. గొంతు దిగగానే ఆరిపోయింది.

అతని చెయ్యి నాబు మీదికి వెళ్ళింది. కొంచెం ఎడమకు తిప్పితే చాలు. ఆ తర్వాత ఏమవుతుందో కూడా వెంటనే కళ్ళ ముందు ఆడింది. టెంపో కదులుతుంది. రోడ్డు పొడవునా శ్రీవాణి గొంతు మోగుతుంది. నడిచేవాళ్ళు తన దగ్గరికి వచ్చి, "మీ ఇంటామె గొంతాప్పా ఇది!" అంటారు. అంతకన్నా చెడ్డది ఇంకొకటుంది. ఇన్నాళ్ళూ ఇంత పెంచుకుంటే తప్ప తన గొంతు పాటగా నిలవలేదని ఆ నాబే సాక్ష్యం చెబుతుంది.

"దొరికిందా?" అంది శ్రీవాణి.

కిరణ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దొరికింది. డబ్బాలో ల్యాదు, వైర్లో ల్యాదు. నీ గొంతులోనే ఉండాది."

ఆమె మెడ మీద చెయ్యి పెట్టుకుంది. "గొంతులోనా?"

"కొందరి గొంతు బయట బాగుంటాది. మైకు ఒప్పుకోదు. నువ్వేం చేస్తావు, నేనేం చేస్తా."

చెప్పిన తీరులో జాలి కూడా కలిపాడు. ఆ జాలికి అతన్ని ఏం చేసినా పాపం లేదు.

శ్రీవాణి నమ్మింది. మైకు సంగతులు తెలిసిన మనిషి చెబితే నమ్మక ఏం చేస్తుంది? ఆ రోజు నుంచి పొద్దున ఉప్పునీళ్ళు పుక్కిలించింది. కన్యకమ్మ మిరియాలు నలగ్గొట్టి కషాయం కాచి ఇస్తే, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గుక్క తిప్పుకోకుండా తాగింది. పెరుగు మానేసింది. "ఏం మైకో ఏమో! దేవునికి లేని పట్టింపులు దానికి," అని కన్యకమ్మ మైకును తిట్టింది. అన్నిటికన్నా ముఖ్యంగా, గొంతుకు విశ్రాంతి ఇవ్వాలని శ్రీవాణి పనిలో పాడుకోవడం మానేసింది. గుడ్డలు మడత పెడుతుంటే గుడ్డల చప్పుడే వినిపించింది. అన్నానికి వచ్చిన కిరణ్‌కు ఇల్లు వేరే ఎవరిదో అనిపించింది.

కషాయాలయ్యాక మళ్ళీ కూర్చోబెట్టాడు. ఈసారి ఆమె భయపడుతూ, పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నట్టు, అణచి పాడింది. పగల్లేదు.

"చూసినావా? ఇట్ల పాడితే పగల్దు," అన్నాడు కిరణ్.

శ్రీవాణి తన పాట స్పీకర్లలో విని తల అడ్డంగా ఊపింది. "ఇది పాటనా అండీ? దేవుణ్ణి పిలిచినట్టు ల్యాదు. బస్సులో పక్కనామెను జరగమని అడిగినట్టుండాది." పీట మీద నుంచి లేచింది. "వద్దు లెండి. మీరే పాడండి. నడిచేవాళ్ళకన్నా బాగుంటాది."

కావాల్సింది చేతికొచ్చింది. గంతులేయాల్సిన మనిషి, మైకు వైరు చుట్టి మళ్ళీ విప్పుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

రెండు రోజులకు శ్రీవాణి దూరమైంది. ఆ దినాల్లో ఆమె చోటు పంచలో చాప. పళ్ళెం వేరు, చెంబు వేరు. పంచకూ దేవుడి గదికీ మధ్య హాలు ఒక్కటే. చాప మీద కూర్చుంటే గది తలుపు సూటిగా కనిపిస్తుంది. ఆమె ఒడిలో చీర పరుచుకుని అంచుకు ఫాల్ కుడుతోంది. కన్యకమ్మ మధ్యాహ్నం వంట ముగించి నడుం వాల్చింది.

కిరణ్ తన పాట రికార్డు చేయడానికి కూర్చున్నాడు. ఫ్యాను వేస్తే మైకులో గాలి పడుతుంది. తలుపు మూస్తే ఎండలకు ఊపిరాడదు. తలుపు జానెడు తీసి పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్ బిగించుకుని పాడాడు. తన గొంతు తనకు గంభీరంగానే వినిపించింది. పెంచి వినిపించడమే ఆ డబ్బా పని కదా. పాట ముగిసిందో లేదో, మెట్ల మీద చంద్రన్న గొంతు వినపడింది.

"ఏం కిరణూ, పాటైందా? ఇట్ల పోతాంటి, విని పోదామని వచ్చినా."

చంద్రన్న హాలులో కుర్చీ వేసుకున్నాడు. కన్యకమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చింది. తన పాట ఒకసారి విని చూసుకునే వ్యవధి కూడా కిరణ్‌కు లేదు. అయినా ముందు వినిపించాల్సింది అది కాదు. స్పీకర్లు తలుపు వైపు తిప్పి, శ్రీవాణి పాటల్లో అన్నిటికన్నా ఎక్కువ పగిలినదాన్ని వెతికి పెట్టాడు.

"మమ్మేలుకో" బరబరమంది. చంద్రన్న చెవి మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయ్యో. ఇట్లొస్తాందా?"

"నేను చేయని పని ల్యాదన్నా. వైర్లన్నీ మార్చినా. ఆమె గొంతే మైకుకు ఒప్పడం ల్యా."

"పాపం! మా ఇంట్లో అంత బాగా పాడె," అన్నాడు చంద్రన్న గొంతు తగ్గించి. తగ్గించినా పంచకు వినపడే ఇల్లే అది. శ్రీవాణి కుడుతున్న సూది చీరలో నిలిచిపోయింది. తల ఎత్తలేదు. ఆమె చెవులు ఎర్రబడడం కిరణ్ చూశాడు, చూసి తన పాట పెట్టాడు.

పాట మొదలైంది. చంద్రన్న మర్యాదగా తల ఊపుతున్నాడు. రెండో చరణం దగ్గర ఆ తల ఊపడం ఆగింది. చెయ్యి ఎత్తాడు.

"నీ వెనక పాడేదెవరప్పా?"

కిరణ్‌కూ అప్పుడే వినపడింది. తన గొంతు వెనకగా, దూరంగా, ఇంకొక గొంతు. ఎక్కడో వాకిట్లో నుంచి వస్తున్నట్టుంది. మెల్లగా ఉన్నా నిండుగా ఉంది. 'ఏలుకో' దగ్గర తన గొంతు తీగలా సాగి సన్నబడిపోతే, ఆ గొంతు సునాయాసంగా పైకి వెళ్ళి అక్కడ నిలబడింది. పగుల్లేదు, జీర లేదు. చంద్రన్న ముందుకు వంగి విన్నాడు. వింటున్నది ఎవరి పాటో చెప్పనక్కర్లేదు.

"మా శ్రీవాణి కాదా?" అంది కన్యకమ్మ. "ఏం మే, నువ్వేనా?"

"నేనే అత్తా," అంది శ్రీవాణి పంచలో నుంచి. "ఈన్నే చాప మీద కుట్టుకుంటా, ఆయన పాటకు నోట్లో అనుకుంటాంటి. మైకులో పడతాదనుకోలా."

"నోట్లో అనుకుంటేనే ఇంతుండాదా!" అన్నాడు చంద్రన్న.

శ్రీవాణి సూది చీరకు గుచ్చి పక్కన పెట్టింది. "అన్నా, నాకు తెలీక అడుగుతాండా. పగులు నా గొంతులో ఉంటే, ఈడ నుంచి పాడినా పగలల్ల కదా?"

మొగుణ్ణి అడగలేదు. చంద్రన్నను అడిగింది. చంద్రన్న కిరణ్ వైపు చూశాడు. కన్యకమ్మ కూడా చూసింది.

"దూరం కదా... దూరం నుంచైతే అట్ల..." అన్నాడు కిరణ్.

"మిషన్ల సంగతి నాకు తెలీదప్పా," అన్నాడు చంద్రన్న లేస్తూ. "అమ్మాయి తలకు పోసుకున్నాక ఇంకొక్క తూరి తీయి. ఉగాది ముందు దినం సాయంత్రం వస్తా. అప్పుడూ పగిల్తే నీ పాటే పెడదాం."

ఆయన మెట్లు దిగేదాకా కిరణ్ నిలబడే ఉన్నాడు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. వెనక గొంతు ఉన్న ఆ పాటను మళ్ళీ పెట్టి, హెడ్‌ఫోన్‌లో విన్నాడు. తన గొంతు వినపడకుండా ఆమె గొంతు ఒక్కటే వినాలని చెవి అటే పోతుంటే తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మైకు ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. చీర అంచు కుట్టుకుంటూ పాడింది! తను మాత్రం ఎన్నేళ్ళ నుంచో ఎండుమిర్చి మానేసి, ఐసునీళ్ళు మానేసి, ఈ గదిలో చెమటలు కక్కుతూ...

నాబు పట్టుకుని ఇంకొంచెం కుడికి తిప్పాడు. ఇప్పుడు 'ఏలుకో' దాకా పోనక్కర్లేదు. మొదటి పలుకుకే పగులుతుంది. మొన్నటిదాకా ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేశాడు. ఇది మాత్రం తన చేత్తో చేసిందే.

ఉగాది ముందు రోజు ఇల్లంతా కడిగారు. శ్రీవాణి తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని దేవుడి గదిలోకి వచ్చింది. ఒక గిన్నెలో నీళ్ళు, భుజాన గుడ్డ. గంట మీద, దీపాల మీద, గడప మీద, బీరువా మీద పాతబడ్డ బొట్లన్నీ ఒకటొకటే తుడుస్తూ వచ్చింది. కిరణ్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె డబ్బా వైపు వంగడం చూసి, "దానికి తడి తగలనియ్యొద్దంటి కదా," అన్నాడు.

"గట్టిగా పిండినా లెండి. పండగ పూట పాత బొట్టు పెట్టుకోని ఉంటాదా?"

బొట్టు మీద గుడ్డ అదిమి పట్టుకుంది. నానిన గంధం మెత్తగా ఊడి వచ్చింది. కింద చిన్న లైటు పచ్చగా వెలుగుతూ కనిపించింది.

"ఈడ లైటుండాదే!" అంది చిన్నపిల్లలా.

ఆమె చేతులు తుడుచుకుని పీట మీద కూర్చుంది. "సాయంత్రం అన్న వస్తాడు కదా. పాడేదా?"

"పాడు."

"కాలినడకన" అనేసరికే స్పీకర్లు బరబరమన్నాయి. లైటు ఎర్రబడింది. శ్రీవాణి ఆగింది. లైటు పచ్చబడింది. ఆమె మెల్లగా 'కాలి' అంది. పచ్చగానే ఉంది. గొంతు విప్పి 'కాలి' అంది. ఎర్రబడింది. మళ్ళీ మెల్లగా, మళ్ళీ గట్టిగా. పప్పులో ఉప్పు చూసినంత శ్రద్ధగా చూసింది. ఆమె కళ్ళు లైటు నుంచి పక్కనున్న నాబు మీదికి పోయాయి.

"ఇది తిప్పితే ఏమైతాది?"

చెప్పడానికి అతని దగ్గర అబద్ధాలు ఇంకా ఉన్నాయి. కానీ ఆమె జవాబు కోసం ఆగలేదు. నాబు ఎడమకు తిప్పి పాడింది. ఇంకొంచెం తిప్పి పాడింది. గ్యాసు పొయ్యి మంట తగ్గించిన చేతికి అదేమంత పెద్ద విద్య కాదు. 'మమ్మేలుకో' గది పట్టనంతగా లేచింది. బీరువా మీది గంట సన్నగా మోగింది. లైటు పచ్చగా ఉంది.

వంటింట్లో కన్యకమ్మ చేస్తున్న చప్పుళ్ళు ఆగిపోయాయి.

శ్రీవాణి నాబు మీది చెయ్యి తీయకుండా, "ఇట్లనే పెడతా, మీరు పాడండి," అంది.

"నేనెందుకు ఇప్పుడు?"

"పాడండి."

పాడాడు. తెర మీద గీతలు గడ్డిపోచలంత కూడా లేవలేదు. స్పీకర్లలో అతని గొంతు బిందె అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది. అతను సగంలో ఆపి, ఆమె నవ్వుతుందని తల దించుకున్నాడు. ఆమె నవ్వలేదు. "ఆపొద్దు, పాడతా ఉండండి," అని అతను పాడుతుంటే నాబు కొంచెం కొంచెం కుడికి తిప్పుకుంటూ పోయింది. ఇన్నేళ్ళూ టెంపోలో మోగిన గొంతు మెల్లగా తిరిగి వచ్చింది. ఆ చోట ఆపింది. కుంకుమ భరిణె తీసుకుని, ఉంగరపు వేలితో, నాబు మొన నిలిచిన చోట డబ్బా మీద చిన్న బొట్టు పెట్టింది. మళ్ళీ నాబు ఎడమకు తిప్పి, తన గొంతు బాగా వచ్చిన చోట ఇంకొక బొట్టు పెట్టింది.

"అత్త పెట్టిన బొట్టు తుడిచేస్తి కదా. పెట్టకుంటే బాగుండదు," అంది. "ఇది నాకు. అది మీకు. ఇంగ ఎవరు పాడినా తడుముకోబళ్లేదు."

రెండు బొట్ల మధ్య అంగుళం లేదు. కిరణ్‌కు మాత్రం వాటి మధ్య కడప నుంచి ఒంటిమిట్ట దాకా ఉన్నట్టనిపించింది.

"లైటు నాకూ కనపడలేదు, బొట్టుండె కదా..." అని మొదలుపెట్టాడు. నిన్నమొన్నటి సంగతేమిటని ఆమె అడగలేదు. తను చెయ్యి వేయకముందు నాబు అతని బొట్టును కూడా దాటి ఉందన్న సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ చోటికీ అతని బొట్టుకూ మధ్య ఎడమెంతో ఆమె వేళ్ళకు తెలుసు.

"మిరియాలు తాగి తాగి కడుపంతా మండిపోయిందండీ," అంది. గొంతు పెంచలేదు. తువ్వాలు విప్పి తడి జుట్టు వెనక్కి వేసుకుంది. "సరే. రికార్డు పెట్టండి. నా బొట్టు కాడికి మీరే తిప్పండి."

"ఆడనే ఉండాది కదా."

ఆమె చెయ్యి చాపి నాబును అతని బొట్టు దగ్గరికి తిప్పి, చెయ్యి ఒడిలో పెట్టుకుంది.

"ఇప్పుడు తిప్పండి."

వంటింటి గుమ్మంలోకి కన్యకమ్మ వచ్చి నిలబడింది. ఆమె చేతిలో పిండి అంటిన గరిటె అలాగే ఉంది. కిరణ్ నాబు పట్టుకున్నాడు. అంత చిన్న నాబు అంత బరువుగా ఉండడం ఎప్పుడూ ఎరగడు. ఎడమకు, ఇంకా ఎడమకు తిప్పి, ఆమె పెట్టిన బొట్టు దగ్గర ఆపాడు. రికార్డు నొక్కాడు.

శ్రీవాణి కళ్ళు మూసుకుని పాడింది. కిరణ్ చూపు లైటు మీదనే పెట్టుకుని కూర్చున్నాడు. అది ఎర్రబడాలని చూస్తున్నాడో, ఎర్రబడకూడదని చూస్తున్నాడో అతనికే తెలియలేదు. పాట 'ఏలుకో' దాకా వచ్చింది, దాటింది, మళ్ళీ వచ్చింది. లైటు చివరిదాకా పచ్చగానే ఉంది.